టెలిస్కోప్ తప్పా, గాలి తప్పా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి 76 మి.మీ. రిఫ్లెక్టర్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) కొన్నాం. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 700 మి.మీ. అట్టపెట్టె మీద 525 రెట్లు అని రాసి ఉంది. 4 మి.మీ. ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే లెన్స్) 3 రెట్ల బార్లో (రెట్లు పెంచే అదనపు లెన్స్) తగిలించి గురుడి వైపు తిప్పితే మసకగా ఒక ముద్ద తప్ప ఏమీ లేదు. టెలిస్కోప్ పాడైందా?

జవాబు: పాడవలేదు. 700ని 4తో భాగిస్తే 175, దాన్ని మూడింతలు చేస్తే 525. లెక్క సరైనదే, దాన్ని పెట్టె మీద అచ్చు వేయడమే మోసం. 76 మి.మీ. అద్దం పోగుచేసే వెలుతురు ఎప్పుడూ ఒక్కటే. రెట్లు పెంచేకొద్దీ ఆ కాస్త వెలుతురే పెద్ద బొమ్మ మీద పరుచుకుని పలచబడుతుంది. 20 మి.మీ. ఐపీస్‌తో వచ్చే 35 రెట్ల నుంచి 525కి వెళ్లారంటే బొమ్మ అడ్డంగా 15 రెట్లు, నిలువుగా 15 రెట్లు పెరిగినట్టు. దాని వెలుగు 225వ వంతుకి పడిపోతుంది. ట్రైపాడ్ వణుకూ 15 రెట్లు పెద్దదై కనిపిస్తుంది.

అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు, అంతకు మించి రెట్లు పెంచడం దండగ. మీ దానికి ఆ హద్దు 150. మామూలు రాత్రుల్లో 100 దాటకపోవడం మేలు. బార్లోనీ, 4 మి.మీ. ఐపీస్‌నీ పెట్టెలోనే ఉంచేయండి. 25, 10 మి.మీ. ప్లోసల్ రకం ఐపీస్‌లు రెండు కొంటే 28, 70 రెట్లు వస్తాయి, ఏళ్ల తరబడి సరిపోతాయి. కొనేముందు ఫోకసర్ (ఐపీస్ దూర్చే భాగం) గొట్టం లోపలి వ్యాసం కొలవండి. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి 31.7 మి.మీ. ఐపీస్‌లు. కొన్ని చిన్న టెలిస్కోపులకి ఇంకా 24.5 మి.మీ. పాత సైజే ఉంటుంది, అందులో ఇవి పట్టవు.

70 రెట్లలో గురుడు చిన్నగా, పైనా కిందా కాస్త నొక్కినట్టు కనిపిస్తాడు. గోధుమరంగు పట్టీలు రెండు, పక్కన వరసలో నాలుగు ఉపగ్రహాలు ఉంటాయి. నాలుగింటిలో ఒకటి కనిపించకపోతే గురుడి ముందో వెనకో ఉందన్నమాట. గంటా రెండు గంటలు ఆగి మళ్లీ చూడండి.

ప్రశ్న: ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్భిణి) గీతల మధ్యకి చంద్రుణ్ణి తెచ్చినా ఐపీస్‌లో చీకటే. ఎందుకు?

జవాబు: ఫైండరూ, గొట్టమూ చెరో వైపు చూస్తున్నాయి. ఈ పని పగలే చేసుకోవాలి. అర కిలోమీటరుకు తగ్గని దూరంలో ఉన్న టవర్ కొననో, నీళ్ల ట్యాంకు అంచునో ఎంచుకోండి (సూర్యుడు ఆ వైపు ఉండకూడదు). అన్నిటికన్నా తక్కువ రెట్ల ఐపీస్‌తో దాన్ని మధ్యకి తెచ్చి మౌంట్ (గొట్టాన్ని మోసే స్టాండ్) బిగించండి. తర్వాత గొట్టాన్ని ముట్టుకోకుండా ఫైండర్ స్క్రూలు మాత్రమే తిప్పుతూ అదే కొనని గీతల మీదకి తీసుకురండి. ఎక్కువ రెట్ల ఐపీస్ పెట్టి ఇంకోసారి సరిచూడండి. ఎదురింటి గోడ మీది గుర్తుతో ఈ పని చేస్తే ఫలితం ఉండదు. ఫైండర్ గొట్టానికి 12 సెం.మీ. పక్కన ఉంటే, 20 మీటర్ల దూరంలో ఆ ఎడం మూడోవంతు డిగ్రీ తేడా తెస్తుంది. మీకు చంద్రుడు తప్పిపోవడానికి అంత చాలు.

ప్రశ్న: 150 మి.మీ. న్యూటోనియన్ (రెండు అద్దాల రిఫ్లెక్టర్), ఎఫ్/5 (ఫోకల్ లెంగ్త్ అద్దం వ్యాసానికి ఐదింతలు). నక్షత్రాలు చుక్కల్లా నిలవడం లేదు, ఒక పక్కకి తోక లాగినట్టు ఉంటున్నాయి. కొలిమేషన్ (అద్దాల అమరిక సరిచేయడం) చేయాలంటున్నారు. అద్దాలు కదిలిస్తే ఉన్నది కూడా పోతుందేమోనని భయం.

జవాబు: భయం అక్కర్లేదు. ఆ స్క్రూలు పెట్టిందే తిప్పడానికి. అయితే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. తోక బొమ్మ అంచుల్లోని నక్షత్రాలకే ఉంటే అది ఎఫ్/5 పారాబోలా అద్దానికి సహజమైన కోమా (అంచుల్లో తోక లాగే లోపం), స్క్రూలతో పోదు. సరిగ్గా మధ్యలో ఉన్న నక్షత్రానికీ తోక ఉంటేనే అమరిక చెడినట్టు. రెండోది, టెలిస్కోప్‌ని ఇంట్లోంచి బయటికి తెచ్చి ముప్పావు గంటైనా అయ్యాకే ఈ పరీక్ష చెయ్యండి. వేడి చల్లారని అద్దం కూడా నక్షత్రాన్ని చెదరగొడుతుంది.

పరికరం పెద్దదేమీ కాదు. ఫోకసర్‌లో బిగుతుగా కూర్చునే ప్లాస్టిక్ మూతకి సరిగ్గా నడిమధ్యన 2 మి.మీ. రంధ్రం చేస్తే సరి. ప్రైమరీ (గొట్టం అడుగునున్న పెద్ద) అద్దం మధ్యలో చిన్న రింగు అంటించి ఉందో లేదో చూడండి. ఇప్పటి వాటిలో చాలావాటికి ఉంటుంది. పగటిపూట, గొట్టాన్ని నేలకి సమాంతరంగా పడుకోబెట్టి, మూతి వెలుతురున్న గోడ వైపు పెట్టి మొదలెట్టండి. పడుకోబెట్టమనడానికి కారణం ఉంది. అల్లెన్ కీ చేయి జారితే గొట్టం గోడ మీద పడాలి కానీ ప్రైమరీ మీద కాదు.

మొదట సెకండరీ (మూతి దగ్గరి చిన్న అద్దం) సంగతి చూడండి. రంధ్రంలోంచి చూస్తే అది గుండ్రంగా, ఫోకసర్ గొట్టానికి నడిమధ్యన కనిపించాలి. గుండ్రంగా ఉందో లేదో తెలియకపోతే దాని వెనక, గొట్టం గోడకి ఒక తెల్లకాగితం ఆనించండి, అంచు స్పష్టంగా తెలుస్తుంది. కోలగా ఉంటే నడి బోల్టు కాస్త వదులు చేసి సెకండరీని పక్కలకి తిప్పాలి. తర్వాత దాని చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలతో వాలు సరిచేస్తూ, ప్రైమరీ అద్దాన్ని పట్టుకున్న మూడు క్లిప్పులూ సమానంగా కనిపించేదాకా తేవాలి. ఒక స్క్రూ బిగించే ముందు ఎదురు స్క్రూ వదులు చెయ్యండి. మూడింటినీ బిగించుకుంటూ పోతే చివరికి ఏదీ కదలదు. ఈ సెకండరీ పని ఏడాదికి ఒకసారి అవసరమైతే ఎక్కువ. చాలామంది దీన్నే ప్రతి వారమూ కెలికి పాడుచేసుకుంటారు.

తరచుగా చేయాల్సింది ప్రైమరీ. గొట్టం వెనక ఆరు స్క్రూలుంటాయి. మూడు తాళం వేసేవి, మూడు అద్దాన్ని కదిలించేవి. తాళం స్క్రూలు వదులు చేసి, రెండో మూడింటిలో ఒకదాన్ని ఎనిమిదోవంతు చుట్టు తిప్పి, సెకండరీలో కనిపించే మీ మూత రంధ్రపు ప్రతిబింబం ఎటు జరిగిందో చూడండి. అది అద్దం మధ్యనున్న రింగులోకి వచ్చి కూర్చోవాలి. ఒకరు రంధ్రంలోంచి చూస్తూ చెబుతుంటే ఇంకొకరు తిప్పితే ఐదు నిమిషాల పని. తాళం స్క్రూలు మెల్లగా ఆనేదాకానే బిగించండి. గట్టిగా బిగిస్తే అమరిక మళ్లీ జరుగుతుంది. అందుకే బిగించాక మరోసారి చూడాలి. అద్దం క్లిప్పులైతే అద్దాన్ని నొక్కనేకూడదు. క్లిప్పుకీ గాజుకీ మధ్య కాగితం దూరేంత సందు ఉండాలి. లేకుంటే నక్షత్రాలు మూడు మూలలతో కనిపిస్తాయి, అప్పుడు ఎన్ని స్క్రూలు తిప్పినా లాభం లేదు.

తుది తీర్పు మాత్రం ఆకాశానిదే. 150 రెట్లలో ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోండి, కదలదు కాబట్టి పని తేలిక. అది మీ చోటి నుంచి కనిపించకపోతే నడినెత్తిన ఉన్న ఏ ప్రకాశవంతమైన నక్షత్రమైనా చాలు. ఫోకస్ కొద్దిగా, రెండు మూడు వలయాలు కనిపించేంత మాత్రమే తప్పించండి. వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే పని అయిపోయింది. ఒక పక్కకి ఒరిగి ఉంటే గొట్టాన్ని మెల్లగా జరుపుతూ నక్షత్రాన్ని బొమ్మలో అటూఇటూ తిప్పి చూడండి. ఎక్కడో ఒకచోట వలయాలు సమంగా వస్తాయి. అక్కడ ఆపి, ప్రైమరీ స్క్రూలతో నక్షత్రాన్ని మధ్యకి తీసుకురండి.

ఎఫ్/5 వాళ్లకే ఇంత బాధ ఎందుకంటే, కోమా లేకుండా పదునుగా ఉండే మధ్యభాగం ఫోకల్ నిష్పత్తి ఘనాన్ని బట్టి మారుతుంది. ఎఫ్/8లో అది దాదాపు 11 మి.మీ. వెడల్పు, ఎఫ్/5లో 3 మి.మీ. కన్నా తక్కువ. ఇక లేజర్ కొలిమేటర్ కొనాలనుకుంటే, ముందు దాన్ని ఫోకసర్‌లో ఉంచి నెమ్మదిగా తిప్పండి. ప్రైమరీ మీద ఎర్రచుక్క ఉన్నచోటే ఉండాలి. అది సున్నా చుడుతోందంటే లేజరే వంకర, లేదా ఫోకసర్‌లో వదులుగా ఊగుతోంది. చౌకవాటిలో ఇది మామూలే. మా మాటైతే మూత రంధ్రమే నయం.

ప్రశ్న: పుస్తకాల్లో శని చుట్టూ వెడల్పాటి వలయాలు ఉంటాయి. 2025 చివర్లో 90 మి.మీ. రిఫ్రాక్టర్‌తో (ముందు లెన్స్ ఉండే టెలిస్కోప్) చూస్తే గ్రహానికి సూది గుచ్చినట్టు సన్నని గీత కనిపించింది. పెద్ద టెలిస్కోప్ కావాలా?

జవాబు: ఓపిక కావాలి. మీరు చూసింది నిజమైన శనినే. శని అక్షం దాదాపు 27 డిగ్రీలు వాలి ఉంటుంది, సూర్యుణ్ణి చుట్టిరావడానికి 29 ఏళ్లకు పైగా పడుతుంది. ఆ ప్రయాణంలో సుమారు పదిహేనేళ్లకోసారి వలయాల అంచు మాత్రమే మనవైపు తిరుగుతుంది. 2009లో అలా జరిగింది, మళ్లీ 2025 మార్చి 23న జరిగింది. వలయాలు లక్షల కిలోమీటర్ల వెడల్పున్నా మందం చాలా చోట్ల పదుల మీటర్లే కాబట్టి అంచు తిరిగితే మాయమైనట్టే. ఇకనుంచి ఏటేటా విచ్చుకుంటూ 2032 ప్రాంతానికి పూర్తిగా తెరుచుకుంటాయి. తర్వాత మళ్లీ ముడుచుకోవడమే.

90 మి.మీ. రిఫ్రాక్టర్ శనికి చక్కగా సరిపోతుంది. 25 రెట్లలో గ్రహం కోలగా ఉన్నట్టు అనిపిస్తుంది, 50లో వలయం విడిగా తెలుస్తుంది, 100 నుంచి 150 మధ్య బాగుంటుంది. వలయాల మధ్య ‘కాసిని’ అనే పేరున్న నల్లని ఖాళీ దాదాపు 4,800 కి.మీ. వెడల్పుంటుంది. అంత దూరం నుంచి మనకది ఒక ఆర్క్ సెకనుకి (డిగ్రీలో 3600వ వంతు) లోపే. గాలి నిలకడగా ఉన్న రాత్రి, వలయాల రెండు కొసల దగ్గర వెతకండి. గీత సన్నగా ఉన్న రోజుల్లో కూడా ఒక లాభం ఉంది. వలయాల మెరుపు తగ్గడంతో మసక ఉపగ్రహాలు తేలిగ్గా దొరుకుతాయి. పెద్ద ఉపగ్రహం టైటాన్ అయితే 60 మి.మీ.కే కనిపిస్తుంది. 16 రోజుల్లో శనిని చుట్టేస్తుంది కనుక రోజూ దాని చోటు గుర్తుపెట్టుకుంటే తెలిసిపోతుంది.

ప్రశ్న: 200 మి.మీ. డాబ్సోనియన్‌తో (పెట్టెలాంటి స్టాండ్ మీది న్యూటోనియన్) డాబా మీద నుంచి చూస్తాం. గ్రహాలన్నీ పారే నీళ్ల అడుగున గులకరాయిలా వణుకుతాయి. అంచుకి ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం. అద్దంలో లోపమా?

జవాబు: రెండూ గాలి పనే, కానీ ఏ గాలి అన్నది తేల్చాలి. ప్రకాశవంతమైన నక్షత్రాన్ని బాగా ఫోకస్ తప్పించి, పెద్ద పళ్లెమంత చేసి చూడండి. ఒక పక్క నుంచి పొగలాంటిది నెమ్మదిగా లేచి మెలికలు తిరుగుతుంటే అది గొట్టంలోని వేడి. 200 మి.మీ. అద్దం బయటి చల్లదనానికి రావడానికి గంట పడుతుంది. వెనక చిన్న కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పెడితే ఆ సమయం బాగా తగ్గుతుంది. పళ్లెమంతా ఒకే వైపుకి గబగబా ప్రవహిస్తున్నట్టుంటే అది చాలా ఎత్తున వీచే గాలి. ఆ రాత్రికి గ్రహాలు మానేసి చంద్రుణ్ణో, నక్షత్ర గుచ్ఛాలనో తక్కువ రెట్లలో చూసుకోండి. దిశ లేకుండా కుతకుతలాడుతుంటే దగ్గరలోని వేడి, మీ విషయంలో డాబానే అనుమానించాలి. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. మట్టి నేల, గడ్డి చాలా త్వరగా చల్లారతాయి. కిందకి దిగే వీలు లేకపోతే తెల్లవారుజామున చూడండి. పొరుగు కప్పుల మీదుగా, ఏసీ బయటి యూనిట్ల మీదుగా చూడకండి. కిటికీలోంచి అసలే వద్దు, గది గాలీ బయటి గాలీ అక్కడే కొట్టుకుంటాయి.

రంగు అంచులు గ్రహం కిందికి ఉన్నప్పుడే వస్తాయి. వాతావరణం నీలాన్ని ఎరుపుకన్నా కాస్త ఎక్కువగా వంచుతుంది, అందుకని ఆకాశంలో పై అంచు నీలంగా, కింది అంచు ఎర్రగా తేలుతుంది. న్యూటోనియన్‌లో బొమ్మ తలకిందులు కాబట్టి మీకు తిరగబడి కనిపిస్తుంది. దిక్చక్రానికి 30 డిగ్రీల ఎత్తులో ఉన్న గ్రహాన్ని నడినెత్తిన చూసేదానికి రెండింతల గాలిలోంచి చూస్తాం. 45 డిగ్రీలు దాటేదాకా ఆగండి. ఒక మాట: వాన వెలిశాక ఆకాశం అద్దంలా ఉంటుంది కానీ నక్షత్రాలు మిణుకుమిణుకుమంటూనే ఉంటాయి. గ్రహాలకి అంతకన్నా పల్చని మంచుపొర కప్పిన నిశ్చలమైన రాత్రే మంచిది.

ప్రశ్న: మా టెలిస్కోప్‌తో పాటు ఐపీస్‌కి తిప్పి బిగించే చిన్న నల్లగాజు వచ్చింది. దాని మీద సూర్యుడు అని ఉంది. వాడొచ్చా?

జవాబు: వద్దు. ఈ రోజే పగలగొట్టి పారేయండి, ఇంకెవరి చేతికీ ఇవ్వకండి. అద్దం పోగుచేసిన వేడంతా ఆ బిళ్ల మీదే పడుతుంది. అది పగిలిన క్షణంలో మీ కన్ను అక్కడే ఉంటుంది. సూర్యుడికి ఫిల్టర్ ఎప్పుడూ గొట్టం మూతి దగ్గరే ఉండాలి, వెలుతురులో లక్షోవంతు మాత్రమే వదిలేదై ఉండాలి. దీన్నే డెన్సిటీ 5 అంటారు. 3.8 అని ఉన్నది ఫొటోలకే, కంటికి కాదు. వాడిన ప్రతిసారీ ముందు బల్బుకి ఎదురుగా పట్టి సూదిబెజ్జాలు, గీతలు ఉన్నాయేమో చూడండి. గాలికి ఎగిరిపోకుండా మూడు చోట్ల టేపు వేయండి. ఫైండర్‌కి మూత పెట్టండి, లేదా తీసేయండి. గొట్టం నీడ నేల మీద అన్నిటికన్నా పొట్టిగా అయ్యేలా తిప్పితే సూర్యుడు దొరుకుతాడు. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని టెలిస్కోప్‌లో చూడటం కూడా అంతే ప్రమాదం.

ప్రశ్న: ఆండ్రోమెడా గెలాక్సీ బూడిదరంగు మరకలా ఉంది. ఫొటోల్లోని రంగులు ఎక్కడ?

జవాబు: ఫొటోలోనే ఉంటాయి. కెమెరా గంటల తరబడి వెలుతురు కూడబెట్టుకుంటుంది, కంటికి ఆ వీలు లేదు. మసక వెలుగులో పనిచేసే రాడ్ కణాలకి రంగు తెలియదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఒరియన్ నెబ్యులా 150 మి.మీ. పైన లేత ఆకుపచ్చగా తోస్తుంది. అల్బిరియో జంట నక్షత్రం పసుపు, నీలంగా చిన్న టెలిస్కోప్‌లోనే తేలిపోతుంది.

ఉన్నదాన్ని బాగా చూడటానికి దారులున్నాయి. అరగంట చీకట్లో ఉండండి, ఫోన్ తెర ఒక్కసారి వెలిగినా ఆ అరగంట పోయినట్టే. మన చూపుకి నడిమధ్యన రాడ్లు లేవు, అందుకే మసక వస్తువుని నేరుగా చూస్తే మాయమవుతుంది. చూపు కాస్త పక్కకి వెయ్యండి. కుడికన్నుతో చూస్తుంటే వస్తువుకి కుడివైపు చూడాలి. ఎడమవైపు చూస్తే అది అంధబిందువు మీద పడొచ్చు. గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి, కదిలే మసకని కన్ను తేలిగ్గా పట్టుకుంటుంది. ఆండ్రోమెడా ఆకాశంలో మూడు డిగ్రీలు, అంటే ఆరు చంద్రబింబాల పొడవు. ఎక్కువ రెట్లలో దాని నడి ముద్దే కనిపిస్తుంది కాబట్టి 25, 30 రెట్లు చాలు. ఆ మరక 25 లక్షల ఏళ్ల కిందట బయలుదేరిన వెలుతురు. వీధిదీపాల మధ్య గెలాక్సీల కోసం కళ్లు పాడుచేసుకునే బదులు కృత్తికలు, జంట నక్షత్రాలు, చంద్రుడు చూడండి. వాటికి ఊరి వెలుతురు పెద్ద అడ్డు కాదు.

ప్రశ్న: ప్రైమరీ అద్దం మీద దుమ్ము పేరుకుంది. మెత్తటి గుడ్డతో తుడవొచ్చా? ఐపీస్ మీద దారాల్లాంటివీ కనిపిస్తున్నాయి.

జవాబు: గుడ్డతో తుడిస్తే దుమ్ములోని ఇసుకరేణువులే అద్దాన్ని గీకుతాయి. టార్చి వేసి చూస్తే ఏ అద్దమైనా భయంకరంగానే ఉంటుంది, అలా చూడకండి. దుమ్ము కాస్త ఉన్నా బొమ్మకి నష్టం లేదు. మరీ మట్టికొట్టుకుపోతేనే కడగాలి. అద్దం ఏ వైపు ఉందో పెన్సిల్‌తో పక్కన గుర్తుపెట్టి తీయండి. ముందు ధారగా నీళ్లు పోసి రేణువులు పోనివ్వండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి పది నిమిషాలు ముంచండి. తర్వాత నీళ్లలోనే, కొత్త దూదిని దాని బరువుతోనే ఒక్కసారి మధ్య నుంచి అంచుకి లాగి పారేయండి, ఆ దూది మళ్లీ వాడొద్దు. చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నిలువుగా ఆనించి ఆరనివ్వండి. బిగించాక కొలిమేషన్ తప్పదు.

ఆ దారాలు ఫంగస్. తడిసిన ఐపీస్‌కి వెంటనే మూత పెట్టి పెట్టెలో వేస్తే వచ్చేది ఇదే. మంచు పడితే తుడవకుండా, మూతలు తీసి గదిలో ఆరనిచ్చి అప్పుడు మూయాలి. పెట్టెలో సిలికా జెల్ ఉంచండి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి తేమ పోగొట్టండి. ఫంగస్ పట్టిన ఐపీస్‌ని వేరే పెట్టెలో ఉంచండి. రిఫ్రాక్టర్ ముందు లెన్స్‌కి నల్ల ఫోమ్ షీట్‌ని గొట్టంలా చుడితే మంచు చాలాసేపు ఆగుతుంది. పొడవు లెన్స్ వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి.

ప్రశ్న: ఫోన్‌తో గురుడి ఫొటో తీస్తే తెల్లని బిళ్లే వస్తోంది.

జవాబు: ఆకాశం నల్లగా ఉండటంతో ఫోన్ ఎక్స్‌పోజర్ పెంచేస్తోంది. ఫోన్‌ని చేత్తో కాకుండా ఐపీస్‌కి బిగించే హోల్డర్‌లో పెట్టి, గ్రహం మీద వేలు నొక్కి ఫోకస్ లాక్ చేసి, పట్టీలు కనిపించేదాకా ఎక్స్‌పోజర్ కిందికి లాగండి. తర్వాత ఫొటో కాకుండా వీడియో తీయండి. 60 నుంచి 90 సెకన్లు చాలు. గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు, మూడు నాలుగు నిమిషాలు తీస్తే మేఘాల వివరాలు పక్కకి జరిగి అలుక్కుపోతాయి. ఆ వీడియోని ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే గాలి ఒక్క క్షణం నిలిచినప్పటి ఫ్రేములని ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. మంచివి పది, ఇరవై శాతం ఉంచి మిగతావి వదిలేయమని చెప్పండి. మోటారు లేని మౌంట్ అయితే గ్రహాన్ని ఒక అంచున పెట్టి, ఇటు నుంచి అటు దాటేదాకా తీసి, మళ్లీ వెనక్కి తెచ్చి ఇంకో ముక్క తీయండి.